మామ కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోంది?

సంక్రాంతికి చిత్తూరు పోతే మామ పలకరింపే ఇట్లుంది: "ఏం అల్లుడూ, నెట్టు శానా స్లో అయిపోయిండాది, రొంత చూడు." మా ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే వైఫై రిపేరు చేసేవాడని అర్థం. తిరుపతిలో నాలుగేళ్ళు బీటెక్ చదివింది ఇందుకేనా అని నాకే డౌటొస్తుంది.

మామ ఇంటి ముందు గదిలో డీటీపీ పని చేస్తాడు. పెళ్ళి పత్రికలు, జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. వీధిలో సగం మంది ఆధార్లు, పట్టాదారు పాసు పుస్తకాలు, పిల్లల మార్కుల మెమోలు స్కాన్ అయి ఆ కంప్యూటర్లోనే ఉంటాయి. "మళ్ళీ అడగతారు గదా" అని ఒక్కటీ డిలీట్ చేయడు.

స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ దాదాపు సున్నా. బ్రౌజర్ మూసేసే ఉంది. మామ ఎవరికీ ఏమీ పంపడం లేదు. మరి లైనంతా తినేస్తున్నది ఎవరు?

స్టార్ట్ మెనూలో ‘రిసోర్స్ మానిటర్’ అని వెతికి తెరిచాను. విండోస్‌తో పాటే వస్తుంది, డబ్బులక్కర్లేదు. అందులో నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్ళి ‘సెండ్’ కాలమ్ మీద నొక్కితే, ఎక్కువ పంపే ప్రోగ్రామ్ పైకొస్తుంది. పైన ‘ఎస్‌వీసీహోస్ట్’ అని కనిపించింది. ఆ పేరుతో విండోస్‌లో డజన్ల కొద్దీ నడుస్తుంటాయి, మామూలే. కానీ అసలువి సిస్టమ్32 ఫోల్డర్లో ఉంటాయి. ఇది మాత్రం మామ పేరున్న ఫోల్డర్లో, యాప్‌డేటా లోపల దాక్కొని ఉంది. తేదీ చూస్తే, మామ ఏదో డిజైన్ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వేసుకున్న రోజు.

"యాంటీవైరస్ ఉండాది గదరా?" అన్నాడు. ఉంది. ఇన్‌స్టాల్ అయ్యేంతవరకు దాన్ని ఆపమని ఆ దొంగ కాపీతో వచ్చిన నోట్‌లో రాసుంది. మామ ఆపాడు.

ఫైర్‌వాల్ కూడా ఉంది. కానీ విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా లోపలికొచ్చేవాటినే అడ్డుకుంటుంది, బయటికి పోయేవాటిని వదిలేస్తుంది. మామకి మన భాషలో చెప్పాను: నీ కంప్యూటర్‌కి అలిపిరి చెకింగ్ ఉంది, ఎర్రచందనం చెక్‌పోస్టు లేదు. శేషాచలంలో దొంగ దొరికేది దుంగలు బయటికి తీసుకపోయేటప్పుడే కదా.

2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై గుర్తుందా? మన రాష్ట్రంలో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్ళకి తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగేది. అది పని మొదలుపెట్టేముందు ఒక పిచ్చి పేరున్న వెబ్‌సైట్ తలుపు తట్టేది. జవాబొస్తే గమ్మున మానుకునేది. బ్రిటన్‌లో మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ కుర్రాడు, అది బయటికి పంపే ఆ పిలుపుని గమనించాడు. ఆ పేరు ఎవరూ రిజిస్టర్ చేసుకోలేదని చూసి పది డాలర్ల చిల్లరతో కొన్నాడు. వ్యాప్తి చాలావరకు ఆగింది. తమాషా ఏమంటే, బయటికి పోయే దారి గట్టిగా మూసిన ఆఫీసుల్లో ఆ జవాబు అందక, పురుగు ఆగలేదు. అందుకే కనిపించినదల్లా బ్లాక్ చేయడం నాకు నచ్చదు. ముందు చూడాలి.

చూసినప్పుడు భయపడొద్దు కూడా. వన్‌డ్రైవ్, బ్రౌజర్ తెగ పంపుతుంటాయి. విండోస్ తన అప్‌డేట్ ముక్కల్ని పక్క కంప్యూటర్లకి పంచుతుంది కూడా. మీరు వాడని టైమ్‌లో, మీకు తెలియని ఫోల్డర్ నుంచి పోతుంటేనే అనుమానించాలి. ఏదైనా ఒక ప్రోగ్రామ్‌ని ఆపాలంటే ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘అవుట్‌బౌండ్ రూల్స్’ ఉన్నాయి. ఫోన్లో అయితే డేటా యూసేజ్‌లో ఏ యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంత తింటోందో ఈ రాత్రే చూసుకోండి.

మామ కేసులో మాత్రం రూల్ రాసి ఊరుకోలేదు. కేబుల్ పీకేశాను. పాస్‌వర్డ్‌లన్నీ నా ఫోన్ నుంచి మార్పించి, విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ వేశాను. బయటికి ఏమేం పోయాయి? పోయేదంతా ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది, ఎంత పోయిందో తెలుస్తుందిగానీ ఏం పోయిందో తెలియదు.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బిల్లు పుస్తకం తీసి, "ఎవురెవురివి ఉండాయో రాసుకుందాం రా" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "ఊరంతా చెప్పుకుంటే ఇంక అంగట్లోకి ఎవురొస్తారు?" ఆమె మాటా కాదనలేం, ఇల్లు గడిచేది దాంతోనే.

భోగి రోజు పొద్దున్నే ఒక పెద్దాయన జిరాక్స్‌కి వచ్చాడు. మామ తలొంచుకొని జరిగింది చెప్పి, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకుంటే మంచిదన్నాడు. ఆయన అంతా విని, "లాక్ చేసిచ్చేదానికి ఎంత తీసుకుంటావబ్బా?" అన్నాడు.

మామ తీసుకోలేదు. జిరాక్స్‌కి మాత్రం రెండు రూపాయలు తీసుకున్నాడు.