ఆకూ ముల్లూ సామెతలో నేరస్తుడెక్కడ?

తిరువూరులో టీకొట్టు దగ్గర ఏ ఆడపిల్ల మీదో అఘాయిత్యం జరిగిందన్న కబురు వస్తే మగవాళ్ల నోట ముందు వచ్చేది సామెతే. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా ఆకుకే నష్టమట. జాలితోనే అంటారు. ఆ జాలిని తర్కానికి నిలబెట్టి చూడాలి.

ముల్లుకు గుచ్చడం స్వభావం. అత్యాచారం ఒక మనిషి తెలిసి చేసే నేరం. దాన్ని ప్రకృతి ధర్మం చేస్తే నేరస్తుడు తప్పుకుంటాడు, జాగ్రత్త భారమంతా ఆమెదవుతుంది. పొద్దుపోయాక తిరిగితేనే ప్రమాదమన్న నమ్మకమూ నిలవదు. జాతీయ నేర గణాంకాల్లో 90 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే.

ఈ సామెత వెనకున్న అసలు మూఢనమ్మకం పరువు. బయట తెలిస్తే పరువు పోతుందని నోరు నొక్కే పెద్దమనిషికీ, నేరస్తుణ్ణి నరుకుతానని ఊగిపోయే అన్నకూ ఆధారం అదే. ఆమెకేం కావాలో ఇద్దరూ అడగరు. వ్యవస్థదీ అదే తీరు. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్‌లో పోలీసులే ఒక స్త్రీపై అత్యాచారం చేశారు. ఆమె భర్త వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా ఆమె నడత మీదే నిందలు వేశారు. చివరికి రాయచూరు కోర్టులో నిందితులు బయటపడ్డారు. 2019లో అదే పోలీసు వ్యవస్థ నలుగురు అత్యాచార నిందితులను విచారణ లేకుండా కాల్చేస్తే జనం పూలు చల్లారు. ఆ కాల్పులు కావాలని జరిపినవేనని 2022లో సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది.

మరి మగవాడు చేయగలిగిందేమిటి? బాధితురాలు చెబుతున్నప్పుడు "అక్కడికెందుకెళ్లావు" అనకూడదు. "నిన్ను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పు లేదు, ఏం చేద్దామంటావు" అనాలి. ఆమె సరేనంటే స్నానం చేయకముందే, ఆ బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తోడు వెళ్లాలి. ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా వైద్యం చేయాలని చట్టం. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించవచ్చు. మహిళా సహాయానికి 181 ఉంది. ఆలస్యమైనంత మాత్రాన ఫిర్యాదు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అత్యాచారం కేసులో రాజీ కుదరదని 2015లో స్పష్టం చేసింది. బాధితులు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లైతే, నేరం గురించి తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలని పోక్సో చట్టం చెబుతోంది. పెద్దల పంచాయితీకి ఇక్కడ చోటు లేదు.

నేరం జరగకముందు చేయాల్సిందీ ఉంది. స్నేహితుడు ఆడవాళ్ల గురించి నీచంగా మాట్లాడితే అక్కడే ఆపాలి. ఫోన్‌లోకి వచ్చిన అలాంటి వీడియోను ముందుకు పంపకూడదు. వద్దంటే వద్దనే అర్థమని కొడుక్కి చిన్నప్పుడే చెప్పాలి. ఆ మాటలు, ఆ వీడియోలు ఆడవాళ్లు లేని చోటే నడుస్తాయి. వాటికి అక్కడ అడ్డుపడగలిగేది మగవాళ్లే.