విందులో శల్యుడు, విదురగృహంలో వాసుదేవుడు

ఉన్నతోద్యోగాలలో ప్రవేశించే యువతీయువకులకు భోజనమర్యాద కూడా నేడు ఒక పాఠ్యాంశమైంది. హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో ఇందుకు శిక్షణతరగతులే నడుస్తున్నాయి. ఫోర్కు ఎడమవైపు, కత్తి కుడివైపు ఉంటాయి. వంటకాలు వచ్చేకొద్దీ బయటి వరుసలోని పరికరాన్ని ముందు గ్రహించాలి. చేతిరుమాలు ఒడిలో పరచుకోవాలి. ఆతిథ్యమిచ్చినవారు ఆరంభించేవరకు ఆగాలి. ముగించాక కత్తినీ ఫోర్కునూ పళ్ళెంలో పక్కపక్కనే ఉంచాలి. జపానువారి విజిటింగ్ కార్డును రెండు చేతులతో స్వీకరించడం కూడా అందులో భాగమే.

ఇదంతా పరదేశానుకరణమని కొందరు ధార్మికులు నిరసిస్తారు. ఆ నిరసన సమంజసం కాదు. వేదవిరుద్ధం కానంతవరకు ఆయా దేశాల ఆచారాలు ప్రమాణమేనని గౌతమధర్మసూత్రం అంగీకరించింది. పంక్తిలో తోటివారు ముగించకముందే విస్తరి ముందు నుండి లేవరాదన్న మన నియమానికీ, ఆతిథ్యమిచ్చినవారు ఆరంభించేవరకు ఆగమన్న వారి నియమానికీ మూలం ఒక్కటే. పక్కన మరొకరు ఉన్నారన్న ఎరుక అది.

దోషం వేరొక చోట ఉంది. ఈ మర్యాద దేనికని అడిగితే, ఒప్పందం కుదరడానికని, పదోన్నతికని సమాధానం వస్తుంది. అన్నం ఉపాయమైంది, అతిథి సోపానమయ్యాడు. ఈ దృష్టి ఆధునికులు కనిపెట్టినదేమీ కాదు. మహాభారత ఉద్యోగపర్వంలో మద్రరాజు శల్యుడు పాండవుల పక్షాన చేరడానికి ససైన్యంగా బయలుదేరాడు. దుర్యోధనుడు ఆ దారిలో రమ్యమైన విడిదులు కట్టించి, భక్ష్యభోజ్యాలతో, మాల్యాలతో అతనికి దేవతాసత్కారం జరిపించాడు. ఇది ధర్మరాజు ఏర్పాటని భ్రమించిన శల్యుడు, ఈ విడిదులు నిర్మించినవారిని పిలవండి, బహూకరిస్తానన్నాడు. మరుగున ఉన్న దుర్యోధనుడు అప్పుడు ఎదుటికి వచ్చి, తన సేనకు నాయకత్వమే వరంగా కోరాడు. మర్యాదలో ఒక్క లోపమైనా ఎంచలేని విందు అది. దాని వెల మాత్రం భుజించిన తరువాతే తెలిసింది.

అదే పర్వంలో ఆ దుర్యోధనుడే, రాయబారిగా వచ్చిన శ్రీకృష్ణుని భోజనానికి పిలిచాడు. కార్యం సఫలమైన పిమ్మటే దూతలు ఆతిథ్యం స్వీకరిస్తారని స్వామి మొదట మృదువుగా తప్పుకోజూశాడు. దుర్యోధనుడు రెట్టించడంతో ఉన్నమాట చెప్పవలసి వచ్చింది: పరుల అన్నం ప్రీతి చేతనో ఆపద చేతనో తినదగినదనీ, అక్కడ పెట్టేవానికి ప్రీతి లేదనీ, తనకు ఆపద లేదనీ. ఆ పిమ్మట విదురుని ఇంట భుజించాడు. ముందు సున్నితంగా, తప్పనప్పుడు స్పష్టంగా, ఎక్కడా పరుషంగా కాక! విందును నిరాకరించే విద్యకు ఇంతకు మించిన పాఠం దుర్లభం. శిక్షణతరగతులు ప్రథమంగా చేర్చవలసినది ఇదే. సరకు అమ్మేవారి విందుకు, గుత్తేదారు పంపిన పండుగ కానుకకు "వద్దు" అనడం ఎలాగో తెలియని ఉద్యోగికి, ఏ చెంచా ఎప్పుడు ఎత్తాలో తెలిసి ప్రయోజనమేమిటి?

అలాగని సంప్రదాయవాదులు గర్వించడానికీ వీలు లేదు. పరిషేచనం, ప్రాణాహుతులు నియమంగా ఆచరించిన పంక్తులే ఎందరినో ఆవల నిలబెట్టాయి. భాగవత నవమస్కంధంలోని రంతిదేవుని ముందు ఆ నిష్ఠ తల దించుకోవాలి. 48 దినాలు నిరాహారుడై ఉండి, లభించిన అన్నాన్ని వచ్చినవారికి వచ్చినట్లే పంచిపెట్టి, చివరకు మిగిలిన గుక్కెడు నీటిని సైతం దాహార్తుడైన పుల్కసునికి పోసిన మహానుభావుడాయన. వచ్చిన ప్రతివానిలోనూ ఆయన దర్శించినది హరినే. కులం అడగడానికి తావెక్కడ?

నక్షత్రహోటలులో ఏ వైపు నుండి వడ్డిస్తారో కంఠస్థం చేసిన అతిథి, వడ్డించే కుర్రవాని ముఖం చూడడు. కల్యాణమండపంలో అనుష్ఠానపరులైన పెళ్ళిపెద్దలదీ అదే తీరు. చివరి పంక్తి లేచాక విస్తళ్ళు ఎత్తే ఆమె ఎప్పుడు తిన్నదో, అసలు తిన్నదో లేదో వారిలో అడిగేవారు అరుదు.