కరువు సీమ – కార్ల కంపెనీ (3): ఉద్యోగాలు ఎన్ని అని కాదు, ఎవరికి అని అడుగుదాం



పోయిన వారం భూమి గురించి రాశాను. ఈ వారం కొలువుల గురించి.

సీమకు కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2017లో ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ప్లాంటు నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ప్లాంటు అది. దానికి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరువి. ఆ రిజర్వాయరుకు నీళ్లు తెచ్చేది హంద్రీ-నీవా. హంద్రీ-నీవా మొదలయ్యేది మన ఉమ్మడి కర్నూలు జిల్లా మల్యాలలో. అంటే కర్నూలోళ్లకూ అడిగే హక్కుంది.

ఇప్పుడు వంతు మన జిల్లాలది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి పారిశ్రామిక నోడ్‌లను ఆమోదించింది. రెండూ కలిపి దాదాపు లక్ష ఉద్యోగాలన్నారు.

చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న. ఆ లక్షలో మాలపల్లెకు, మాదిగవాడకు ఎన్ని?

రాజ్యాంగంలోని 16(4) ప్రభుత్వ కొలువులకే. ప్రైవేటు గేటు దగ్గరే రిజర్వేషన్ ఆగిపోతుంది. 2019లో రాష్ట్రం 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. మంచిదే. కానీ 'స్థానికుడు' అంటే ఊరోడా, వాడోడా? చట్టానికి ఇద్దరూ ఒకటే. ఇంటర్వ్యూ గదిలో ఒకటేనా? సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో అచ్చయిన అధ్యయనం కోసం ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే అని తేలింది. చదువు అదే, మార్కులు అవే. తేడా పేరులోనే.

ఇంకో మెలిక ఉంది. కంపెనీ రోల్స్ మీదున్నోడూ ఉద్యోగే, కాంట్రాక్టరు కింద ఉన్నోడూ ఉద్యోగే, బాత్రూములు కడిగే అమ్మా ఉద్యోగే. ప్రకటనలో అన్నీ ఒకే లెక్క. చీపురు మనకిచ్చి, 'దళితులకూ ఉపాధి ఇచ్చాం' అంటే ఒప్పుకుందామా?

'ప్రైవేటు కంపెనీ, వాళ్లిష్టం' అంటారు. భూమి సర్కారు ఇచ్చింది, నీళ్లు సర్కారువి, రాయితీలు ప్రజల సొమ్ము. ఇన్ని ప్రజలవైనప్పుడు లెక్క మాత్రం ప్రైవేటా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. సమాచార హక్కు చట్టం నేరుగా ప్రైవేటు కంపెనీకి వర్తించదు. కానీ పరిశ్రమల శాఖకు, ఏపీఐఐసీకి వర్తిస్తుంది. రోల్స్ మీద ఎంతమంది, కాంట్రాక్టులో ఎంతమంది, ఎస్సీలు ఎంతమంది, మన ఐటీఐల నుంచి ఎంతమంది అని అడగండి. 'మా దగ్గర లెక్క లేదు' అన్నారంటే అదీ జవాబే. ఆ కాగితం పట్టుకొని కలెక్టరేట్ ముందు కూర్చుందాం. రాయితీ జీవోలోనే వాటా రాయమందాం.

వచ్చే వారం ఐటీఐల గురించి.

జై భీమ్.