ఖాళీ నోటుపై చేవ్రాలు

పంట చేతికి రాకమునుపే చేవ్రాలు చేయిదాటిపోవుట మన మెట్టసీమ రైతునకు అలవాటైపోయినది. దర్శి చుట్టుపట్ల ప్రత్తియో మిరపయో వేయువాడు విత్తనమునకు, ఎరువునకు, పురుగుమందునకు, కోతకూలికి అప్పు తెచ్చుకొనక గడవదు. అప్పు తెచ్చుకొనుట తప్పని మేమనము. రెవిన్యూ బిళ్ల యంటించిన ప్రామిసరీ నోటుపై మొత్తము, వడ్డీ, తేదీ ఏదియు వ్రాయకయే చేవ్రాలు పెట్టి యిచ్చు ఆచారమును గూర్చియే మా మాట.

తెలిసినవాడే గదా, కాగితముతో పనియేమని రైతు తలచును. కాని 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 20వ సెక్షను ఏమి చెప్పుచున్నదో పఠనమందిరములకు వచ్చు సోదరులు ఒకసారి వినవలెను. బిళ్ల యంటించిన ఖాళీ పత్రముపై చేవ్రాలు చేసి మరియొకనికి ఇచ్చినవాడు, ఆ బిళ్లకు చెల్లుబాటగు మొత్తము మేరకు దానిని పూరించుకొను అధికారమును గూడ ఇచ్చినట్లే ప్రథమదృష్ట్యా ఎంచబడును. 118వ సెక్షను ఇంకొక మెట్టు పైకి పోవును. నోటు ప్రతిఫలమునకే వ్రాయబడినదని న్యాయస్థానము మొదట భావించును. కాదని నిరూపించు భారము వ్రాసియిచ్చినవానిపై బడును. ఇరువదివేలు పుచ్చుకొని రెండులక్షలకు దావాలో చిక్కినవాడు, ఖాళీ కాగితముపై సంతకము చేసితినని కోర్టులో చెప్పుట తన కేసును తానే సగము ఒప్పుకొనుట. తక్కిన సగమును సాక్ష్యముతో గెలువవలెను. ఆ సాక్ష్యము ఎచ్చట దొరకును? అప్పు పుచ్చుకొన్ననాడు ప్రక్కనున్నది అప్పిచ్చినవాని గుమాస్తాయే గదా!

తీర్చుటలోను ఇదే అజాగ్రత్త. పైకమంతయు చెల్లించి, "నోటు ఎక్కడనో పెట్టితిని, వెదకి చింపివేయుదును" అను మాటను నమ్మి యింటికి వచ్చువారు ఎందరో కలరు. కొంత కొంత చెల్లించునపుడు నోటు వెనుక చెల్లు వ్రాయించి, దాని ప్రతి నొకటి తనయొద్ద నుంచుకొనవలెను. నేడు చాలమంది జేబులో ఛాయాచిత్రము తీయు ఫోను కలదు. అది సినిమా పాటలకు మాత్రమే పుట్టలేదు. అడిగినంతనే చెల్లింపదగిన నోటునకు తేదీ మొదలు మూడేండ్ల గడువు. ఆ గడువులోపల పైకము కొంత చెల్లించి, ఆ చెల్లు క్రింద ఋణస్థుడు చేవ్రాలు చేసినచో మరల మూడేండ్లు మొదలగును. ఇది ఋణదాతలు చక్కగా నెరుగుదురు. ఋణస్థులలో నెరిగినవారు అరుదు.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట, దర్శి బ్రాంచి కాలువ క్రింద తడిసిన పొలమునకు క్రమముగా విలువ వచ్చినది; విలువతోపాటు వ్యాజ్యమును వచ్చినది. నూరు రూపాయలు మొదలుకొని ఎంత విలువగల భూమి విక్రయమైనను రిజిస్టరు కానిదే హక్కు నీయదు. తెల్లకాగితము చాలదు. పాసుపుస్తకమున పేరెక్కినంతమాత్రమున యాజమాన్యమును రాదు.

ఇక వీలునామా. ఆ మాట యెత్తిననే అపశకునమని ఇంటివారు నోరు మూయింతురు. దానికి స్టాంపు అక్కరలేదు. రిజిస్టరు చేయించుట మేలేగాని విధి కాదు. 1925వ సంవత్సరపు వారసత్వ చట్టము కోరునది ఇరువురు సాక్షులను. వ్రాసినవాడు చేవ్రాలు చేయుటను వారు చూచియో, తానే చేసితినని అతడు చెప్పగా వినియో, అతని యెదుట తామును చేవ్రాలు చేయవలెను. అతని మరణానంతరము వివాదము పుట్టెనేని, బ్రతికియున్న సాక్షులలో ఒక్కడైనను కోర్టున చెప్పవలెను. 2024 జూలై 1 నుండి సాక్ష్యచట్టము పేరు మారినది గాని ఈ నియమము మారలేదు. కావున తనకంటె ముదుసలిని సాక్షిగా పిలుచుట తెలివి గాదు.

ఆడుబిడ్డల వాటా మాట వచ్చినపుడు, కట్నకానుకలిచ్చితిమి గదా యని అన్నదమ్ములు ఉత్తరమిత్తురు. మన రాష్ట్రము 1986లో చట్టము చేసి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో సమభాగ మిచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము దానిని పెండ్లియైన కుమార్తెలకును విస్తరించినది. ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చినది. ఎప్పుడో నోటిమాటగా పంచుకొంటిమను వాదమును సర్కారు దస్తావేజుల వంటి గట్టి ఆధారము లేనిదే నమ్మరాదనియు పలికినది. సంక్రాంతికి చీర పెట్టి, చదివి వినిపింపకయే హక్కు విడుదల పత్రముపై చెల్లెలి చేవ్రాలు పుచ్చుకొనుటను మేము సమ్మతి యని ఒప్పజాలము. అదియు ఖాళీ నోటు వంటిదే.

1970లో ఏర్పడిన మన జిల్లాకు 1972లో పేరైన టంగుటూరి ప్రకాశం పంతులుగారు సహాయనిరాకరణ దినములలో గొప్ప ఆదాయముగల బారిస్టరు వృత్తిని విడిచిరి. కోర్టుల మెట్లెక్కక తగవులను పంచాయతీలలో తీర్చుకొమ్మని ఆనాడు దేశము పలికెను. నేడు కోర్టునకు పోకుండు మార్గము మొదటనే కాగితము సరిగా వ్రాసికొనుట. పోక తప్పనివారికి 1987వ సంవత్సరపు చట్టము క్రింద ఒంగోలులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలును ఇచ్చును.

దర్శి, పొదిలి, కనిగిరి పఠనమందిరముల కార్యదర్శులు నెలకొక సాయంకాలము స్థానిక ప్లీడర్లను పిలిచి, చేవ్రాలు పెట్టబోవు కాగితములను జనులకు ఉచితముగా చదివి చెప్పించవలెనని మా కోరిక. అది సంక్రాంతి నాటికి గాక, అప్పులు వ్రాయు ఋతువగు ఆషాఢ శ్రావణములలోనే మొదలుపెట్టవలెను.