రంధ్రం వంగదు

సిమెంటు, ఇనుము గొడవ సాహిత్యపు బ్లాగులో ఎందుకని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. మీలో చాలామంది ఏదో ఒక మేడలో కూర్చునే ఈ టపా చదువుతున్నారు కనుక కాస్త ఓపిక పట్టండి.

గత వేసవిలో బెజవాడలో మా బావమరిది తన మేడకు ముందువైపు ఒక గది పెంచుతూ నన్ను వచ్చి చూడమన్నాడు. పాత కాలమ్‌కు డ్రిల్లుతో పది అంగుళాల లోతు రంధ్రాలు వేసి, కెమికల్ నింపి, 16 మిల్లీమీటర్ల చువ్వలు గుచ్చి ఉన్నాయి. రేపు పోయబోయే బీముకు అవే ఆధారం. సైటు భాషలో దీని పేరు రీబారింగ్. డిజైన్ ఎవరిచ్చారని అడిగాను. కాంట్రాక్టరు నవ్వి, "డిజైనెందుకండీ? జాకీ పెట్టి లాగి చూశాం. చువ్వ సాగింది కానీ ఊడలేదు" అన్నాడు. "ఊడలేదు కదా బావా!" అని బావమరిదీ వంత పాడాడు.

ఆ "ఊడలేదు" అన్న మాట మీదనే నా పోట్లాట.

ఆ పరీక్షలో లాగినది ఒంటరి చువ్వను, పగుళ్ళు లేని కాంక్రీటులోంచి, ఒకే దిక్కుకు, ఒకే ఒక్కసారి. పైగా జాకీ కాళ్ళు చువ్వ చుట్టూ ఉన్న కాంక్రీటును నొక్కి పట్టి, అది పెళ్ళగిలకుండా కాపాడతాయి. భూకంపం ఇంత మర్యాద పాటించదు. లాగుతుంది, నెడుతుంది, మళ్ళీ లాగుతుంది. కాలమ్ పగులుతుంది, ఆ పగులు రంధ్రం మీదుగానే పోవచ్చు. చువ్వలన్నీ ఒక్కసారే గుంజినప్పుడు కెమికల్ గట్టిగానే ఉంటుంది, దాన్ని కరచుకున్న కాంక్రీటు చీలిపోతుంది.

లెక్క చూడండి. ఎం20 కాంక్రీటులో ఎఫ్‌ఈ500 చువ్వ తన పూర్తి బలాన్ని కాంక్రీటుకు అప్పగించాలంటే, ఐఎస్ 456 ప్రకారం వ్యాసానికి దాదాపు 57 రెట్ల పొడవు కావాలి. 16 మిల్లీమీటర్ల చువ్వకు అది సుమారు 900 మిల్లీమీటర్లు. భూకంప నిబంధనలు చెప్పే ఐఎస్ 13920 చివరి కాలమ్ దగ్గర ఇంకో పది వ్యాసాలు కలపమంటుంది. మా వాడి కాలమ్ మందమే 300. కొత్తగా కట్టేటప్పుడు ఈ చిక్కు లేదు, చువ్వను కాలమ్‌లోకి వంచి దింపుతాము. రంధ్రం వంగదు! ఈ చిన్న సత్యాన్ని ఏ కెమికలూ మార్చలేదు.

బెజవాడకు భూకంపమెక్కడిదని అడగకండి. ఐఎస్ 1893 యొక్క 2016 నాటి పటంలో అది మూడవ మండలం. అహమ్మదాబాదుదీ అదే మండలం. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో భూమి కంపిస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ నగరంలో అపార్టుమెంట్లు కూలాయి. 

లాగుడు పరీక్ష మీద ఇంకా మమకారముంటే బోస్టన్‌ను తలచుకోండి. అక్కడి సొరంగంలో పైకప్పు పలకల్ని ఎపాక్సీతో బిగించిన బోల్టులకు వేలాడదీశారు. బిగించిన రోజున అవీ లాగుడుకు నిలిచినవే. భూకంపమేమీ రాలేదు. ఎడతెగని బరువుకు ఎపాక్సీ మెల్లగా సాగి, 2006 జులై 10న పలకలు కారు మీద పడి ఒక మహిళ మరణించింది.

నేను కెమికల్‌కు శత్రువును కాను. లోతు దొరికిన చోట, భూకంప పరీక్షలకు నిలిచిన సరుకుతో, రంధ్రాన్ని ఊది, బ్రష్‌తో తోమి, మళ్ళీ ఊది, గట్టిపడేదాకా ఆగి చేస్తే అది మంచి పద్ధతే. అయితే అది ఇంజనీరు లెక్క కట్టి, గీసి, సంతకం పెట్టవలసిన పని. ట్యూబు కొన్నంత మాత్రాన డిజైన్ కొన్నట్టు కాదు.

చివరికి ఆ చువ్వలు కోయించి, కొత్త గదికి విడిగా పునాదులు, కాలమ్‌లు వేయించి, పాత మేడకు తగలకుండా మధ్యలో ఖాళీ వదిలించాను. ఖర్చు పెరిగింది. బావమరిది ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నాడు. ఉండనివ్వండి. మీ ఇంట్లో ఎవరైనా గోడకు డ్రిల్లు పెడితే మాత్రం, లాగి చూపించమని అడగకండి, లెక్క చూపించమని అడగండి.