శ్రావణ శనగలు, పరగడుపు బిళ్ల

శ్రావణమాసం వచ్చిందంటే మన ఫ్రిజ్‌ల నిండా వాయనాల శనగలే. పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ తాంబూలంతోపాటు ఇన్ని కొంగులో పడతాయి. పారేయలేక మూడు పూటలా గుగ్గిళ్లే. నాలుగోనాటికి ఎవరో ఒకరు పొట్ట తడుముకుంటూ మందుల షాపుకెళ్లి ‘గ్యాస్ బిళ్ల’ అడుగుతారు. షాపాయన మారుమాట లేకుండా పాంటోప్రజోల్ షీటు కత్తిరించి ఇస్తాడు.

నా తగాదా ఆ బిళ్లతోనే. అది జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది. గుండెల్లో మంటకి, అల్సర్‌కి మంచి మందే. శనగల గ్యాసు పుట్టేది మాత్రం ఇంకా కింద, పెద్దపేగులో. శనగలు, అలసందలు, కందిపప్పు వంటివాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అరగకుండా దిగినదాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వెలువడతాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లదీ ఇదే దారి. రాత్రి అన్నం మానేసి చపాతీలకు మారినా ఉబ్బరం తగ్గలేదని వాపోయేవాళ్లు ఆ చపాతీలనీ ఓసారి అనుమానించాలి. పెద్దయ్యాక చాలామందికి పాలు పడకపోవడం, పెరుగు పడటం కూడా చూస్తుంటాం. పాలలోని లాక్టోజ్‌ని తోడు కొంత తినేసి ఉంటుంది.

మరి శనగలు మానేయాలా? అక్కర్లేదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికిస్తే చాలు. ఆ చక్కెరలు కొంతవరకు నీళ్లలోకి దిగిపోతాయి. ‘బలమంతా అందులోనే ఉంది’ అంటూ నానిన నీళ్లతోనే కుక్కర్ పెట్టేవారితో నేను వాదించను, వాళ్ల పొట్టే వాదిస్తుంది. ఇంగువ వేస్తున్నాం కదా అంటారా? డబ్బా వెనక అక్షరాలు చదవండి. చాలావాటిలో అసలు ఇంగువకన్నా పిండి, జిగురే ఎక్కువ. ఇక గ్యాసు పోవడానికి గోలీసోడా తాగడమంటారా, తేన్పు వచ్చేది అందులో పట్టించిన గ్యాసుకే!

రోజుకు 10 నుంచి 20 సార్లు గ్యాసు పోవడం ఆరోగ్యవంతులకూ మామూలే. దానికి ఏళ్ల తరబడి పరగడుపున బిళ్ల మింగనక్కర్లేదు. నాకు భయమల్లా వేరే. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా ‘గ్యాసేలే’ అని అదే బిళ్ల వేసుకుని పడుకునేవాళ్లున్నారు. అలాంటప్పుడు తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేసి, ఆస్పత్రికెళ్లి ఈసీజీ తీయించుకోండి.