పెద్ద టైర్లు, యాక్సిల్‌ గేర్లు మార్చారా? మీ స్పీడోమీటర్‌ను ఒకసారి అనుమానించండి

హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డు మీద వెళ్తున్నారు. కార్లకు పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. మీ జీపు మీటర్‌ 115 చూపిస్తోంది. అయినా ఇంటికొచ్చేసరికి ఫోన్‌లో ఓవర్‌ స్పీడ్‌ చలాన్‌! కెమెరాదే తప్పా? ఆఫ్‌రోడింగ్‌ కోసం బండికి పెద్ద టైర్లు వేయించి ఉంటే, తప్పు మీ మీటర్‌దే కావచ్చు.

మీటర్‌ ఎందుకు తప్పు చెబుతుంది?

స్పీడోమీటర్‌ రోడ్డును చూడదు. లోపల తిరిగే భాగం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కంపెనీ టైరు సైజు ప్రకారం వేగం చెబుతుంది. టైరు 30 అంగుళాల నుంచి 33 అంగుళాలకు పెరిగితే ఒక్కో చుట్టుకు బండి 10 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది. ఆ సంగతి మీటర్‌కు తెలియదు. అది 80 చూపించినప్పుడు మీ అసలు వేగం 88.

పెద్ద టైర్లు వేస్తే బండి లాగే శక్తి తగ్గుతుంది. అందుకే చాలామంది యాక్సిల్‌ గేర్లు కూడా మార్పిస్తారు. ఉదాహరణకు 3.73 నిష్పత్తి స్థానంలో 4.10. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ ఇకపై 4.10 చుట్లు తిరగాలి. ఇది కూడా దాదాపు 10 శాతం పెరుగుదలే.

సెన్సర్‌ ఎక్కడుంది?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మీటర్‌కు సమాచారం గేర్‌బాక్స్‌ లేదా ట్రాన్స్‌ఫర్‌ కేస్‌ నుంచి వెళ్తుంటే, కొత్త గేర్ల వల్ల మీటర్‌ 10 శాతం ఎక్కువ చూపిస్తుంది, పెద్ద టైర్ల వల్ల అంతే తక్కువ చూపిస్తుంది. రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది. గేర్లు మాత్రమే మారిస్తే 80 వేగానికి 88 చూపిస్తుంది. ఓడోమీటర్‌లో కూడా తిరగని కిలోమీటర్లు చేరతాయి.

చక్రాల దగ్గరున్న ఏబీఎస్‌ సెన్సర్ల నుంచి వేగం తీసుకునే బండ్లలో యాక్సిల్‌ గేర్ల ప్రభావం ఉండదు. టైర్ల వల్ల వచ్చిన తేడా అలాగే ఉండిపోతుంది. ‘గేర్లు మార్చాం, మీటర్‌ సర్దుకుంటుంది’ అన్న మాట అన్ని బండ్లకూ వర్తించదు.

చట్టం ఏమంటోంది?

మీటర్‌ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదన్నది ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన. కార్లలో 10 శాతం, ఆపై 4 కి.మీ. వరకు ఎక్కువ చూపించవచ్చు. కంపెనీ మీటర్లు కాస్త ఎక్కువ చూపించేది అందుకే. పెద్ద టైర్లు ఆ వెసులుబాటును తినేస్తాయి.

స్పీడ్‌ గన్‌ కొలిచేది బండి వేగాన్నే, మీ మీటర్‌ను కాదు. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌ ప్రకారం తేలికపాటి వాహనాలకు జరిమానా రూ.1,000 నుంచి రూ.2,000.

తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడంపై 52వ సెక్షన్‌ ఆంక్షలు పెడుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ కార్యాలయంలో అడగండి. ఇన్సూరెన్స్‌ కంపెనీకీ తెలియజేయండి.

ఇప్పుడు మీరేం చేయాలి?

* ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తూ, పక్కన కూర్చున్నవారిని ఫోన్‌లో జీపీఎస్‌ వేగం చూడమనండి. నడిపేవారు ఫోన్‌ ముట్టుకోవద్దు.
* జీపీఎస్‌ లేకపోతే కిలోమీటరు రాళ్లు ఉన్నాయి. అసలు వేగం 60 అయితే ఒక రాయి నుంచి మరో రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. మీటర్‌ 60 చూపిస్తుండగా 55 సెకన్లకే చేరితే మీ వేగం 65 పైనే.
* తేడా ఉంటే పాత బండ్లలో స్పీడోమీటర్‌ పళ్లచక్రం మార్చాలి. కొత్తవాటిలో టైరు సైజు, గేరు నిష్పత్తిని కంప్యూటర్‌లో సరిచేయించాలి.

టైర్ల బిల్లు కట్టే రోజే ఈ పరీక్ష కూడా చేయించండి. చలాన్‌ సంగతి అటుంచితే, మలుపు దగ్గర 80 అనుకుని 88లో తిరగడం అంతకంటే ప్రమాదం.